పై వాటాకు పోయిన పొగ

హనుమమ్మ కర్నూలుకు కాపురం వచ్చేనాటికి ఆమెకు నలభై ఏళ్లు దగ్గర పడ్డాయి. ఈ వయసులో కొత్త కాపురమేందని కోడుమూరులో ఇరుగుపొరుగు ఆడవాళ్లు నవ్వారు. ఆమె కూడా వాళ్లతోపాటు నవ్వింది. ఒక్కగానొక్క కూతుర్ని పత్తికొండలో ఇచ్చారు. ఉన్న కాస్త చేను వానల్లేక బీడు పడింది. కర్నూలు రాజధాని అయిందని, మద్రాసు నుంచి ఆఫీసులొచ్చి డేరాల్లో దిగాయని, పెద్ద చదువు లేకపోయినా చెప్పిన పని చేసేవాడుంటే చాలు తీసుకుంటున్నారని విని, ఆమె మొగుడు గురప్ప తెలిసినవాళ్లను పట్టుకుని డవాలు పట్టీ వేసుకునే బంట్రోతుగా చేరాడు. కొన్నాళ్లు వాడూ డేరాలోనే పడుకున్నాడు. తరువాత రైలుకట్ట దాపున కొత్తగా కట్టిన ఇళ్ల వరుసలో కింది వాటా ఒకటి ఇచ్చారు. ఇచ్చినరోజే వచ్చి హనుమమ్మను బండెక్కించుకుపోయాడు.

ఇల్లు చూసి హనుమమ్మ గడపలోనే నిలబడిపోయింది. నేలంతా నున్నటి బేతంచెర్ల బండలు. అలకనక్కర్లేదు, తుడిస్తే చాలు. గోడలకు తెల్లటి సున్నం. వంటింట్లో నడుమెత్తు గట్టు, దాని మీద పొయ్యి. పొయ్యికి పైన, చెయ్యి చాపినా అందనంత ఎత్తులో, బోర్లించిన గంపలాగా ఒక రేకు గూడు వేలాడుతోంది. దాని నెత్తి మీద నుంచి ఒక గొట్టం బయలుదేరి వెనక గోడలోకి దూరిపోయింది.

"అదేంది?" అని అడిగింది.

"పొగగూడంట. పొగంతా దాంట్లోకి పోయి గొట్టంలోనుంచి బయట పడతాదంట. మద్రాసులో దొరలిండ్లల్లో ఇట్లనే ఉంటాయంట మే." గురప్ప ఆ గూడును తానే కట్టించినంత గర్వంగా చెప్పాడు.

ఆ సాయంత్రమే ఆమె తుమ్మకట్టెలు పేర్చి పొయ్యి రాజేసింది. పొగ లేచింది. గూడులోకి పోయింది. పోయి, అక్కడ దారి తెలియనట్టు కాసేపు తారట్లాడి, గూడు అంచుల మీదుగా నాలుగు పక్కలా కిందికి దిగింది. వంటింటికి పెరటి తలుపు లేదు. పైనెక్కడో ఉన్న చిన్న కిటికీకి తెరవడానికి వీల్లేని అద్దం బిగించారు. పొగ మెల్లగా నడింట్లోకి, అక్కడి నుంచి ముందరింట్లోకి నడిచింది. రొట్టె తట్టి పెనం మీద వేసే లోపల హనుమమ్మ కళ్లు నిండిపోయాయి. కొత్త పొయ్యి గదా, కట్టెలు పచ్చివేమో అనుకుంది.

కట్టెలు ఎండినవే. మరునాడూ అంతే, ఆ తరువాతా అంతే.

కోడుమూరులో వాళ్లది మట్టిమిద్దె. వంట చేసే చోట పైకప్పులో గవాచి ఉండేది, మూరెడు వెడల్పు రంధ్రం. పొగ తన దారిన తాను దాంట్లోంచి పోయేది. పొగ గురించి ఆమె ఎన్నడూ ఆలోచించిన పాపాన పోలేదు. ఇప్పుడు పొద్దున లేస్తే అదే ఆలోచన. పైగా ఆమె వండేది ఇద్దరికే కాదు. పెళ్లాల్ని ఊళ్లో వదిలి వచ్చి డేరాల్లో ఉండే బంట్రోతులు కొందరు, హోటలు కూడు పడక, "అక్కా, మాకి రెండు రొట్టెలు తట్టియ్యి" అని వచ్చేవాళ్లు. కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. పొద్దునొక వాయి, మాపటికొక వాయి. జొన్నరొట్టెకు మంట ఆగకూడదు. రొట్టెలు తడుతున్నంతసేపూ ఆమె ఆ పొగలో నిలబడి ఉండాల్సిందే. తెల్లారేసరికి కళ్లు పుసులు కట్టి రెప్పలు అతుక్కుపోయేవి.

పై వాటాలో ఏసేపు అని రికార్డు గదిలో పనిచేసేవాడు, వాడి పెళ్లాం రూతమ్మ ఉండేవాళ్లు. వాళ్లది నంద్యాల పక్క పల్లె. రూతమ్మ అప్పటికి కడుపుతో ఉంది. అంతకుముందు రెండు కాన్పులు పోయాయి. రూతమ్మ రోజూ మధ్యాహ్నం మెట్లు దిగి వచ్చి, తడిగుడ్డ మడతపెట్టి హనుమమ్మ కళ్ల మీద వేసి, పక్కన కూర్చునేది.

"ఇట్లయితే నీ కండ్లు పోతాయక్కా. ఆఫీసులో చెప్పమను బావను."

గురప్ప చెప్పకపోలేదు. ఆ ఇళ్లను చూసుకునే ఓవర్సీరు దగ్గరికి పోయి, చేతులు కట్టుకుని, పొగ సంగతి విన్నవించుకున్నాడు. "వచ్చి చూస్తాంలే" అన్నాడు ఓవర్సీరు. రాలేదు. ఇంకోసారి పోతే, "గూడు గవర్మెంటుది, మీరెవరూ చెయ్యి పెట్టొద్దు, మేం చూస్తాం" అన్నాడు. ఆపైన పొమ్మంటే గురప్పకు కోపం వచ్చేది.

"ఇల్లియ్యమని వాండ్ల కాళ్లు పట్టుకుంటిని. ఇచ్చినంక ఇంట్లో పొగొస్తాందని ఏం మొగం పెట్టుకోని పోయేది? పొగొస్తే ఇల్లు ఖాళీ చేసి పొండి అంటే ఏం జేస్తావు?"

నెలలు నిండుతున్నాయని రూతమ్మ పుట్టింటికి పోయింది. తడిగుడ్డ వేసే మనిషి కూడా లేకుండా పోయింది.

గోడలు కట్టే బేల్దారి మద్దిలేటి, రొట్టెలకు వచ్చే బంట్రోతుల్లో ఒకడికి బావమరిది. ఒక ఆదివారం బావతోపాటు తినడానికి వచ్చాడు. విస్తరి ముందు కూర్చుని దగ్గుతూ, లేచి, వంటింట్లోకి తొంగి చూశాడు. గూడు చూశాడు. బయటికి పోయి వెనక గోడ చూసి వచ్చాడు.

"దీన్ని బిగించినోడు నిద్రలో బిగించినాడమ్మా" అన్నాడు. "గూడేమో అంత పైన ఉండాది. గొట్టం గోడలో కిందికి వంగి పోయింది. పొగ పైకెక్కుతాదా, కిందికి దిగుతాదా?"

"ఏమన్నా చేస్తే బాగవుతాదా అన్నా?"

"గూడు కిందికి దింపాల. గొట్టం పైకి ఎత్తిపెట్టి గోడలో కొత్త బెజ్జం కొట్టాల. సరిగ్గా చేసేదైతే గొట్టం పై మిద్దె దాటి పోవాల. అంత గొట్టం మన దగ్గర యాడుంది? ఉండేదాంతోనే చేస్తా." ఆగి, మళ్లీ అన్నాడు. "అయితే ఒకటమ్మా. బెజ్జం పైకి జరిపితే పై వాటా కిటికీ కిందికి వస్తాది."

గురప్ప భయపడ్డాడు. గవర్మెంటు గోడ, ముట్టుకుంటే ఏమవుతుందో అన్నాడు. హనుమమ్మ మొగుడి మాట వినిపించుకోలేదు.

"పైన ఎవురూ లేరులే అన్నా. ఏసేపు పొద్దున పోతే మాపటికి వస్తాడు. కొట్టు" అంది.

మద్దిలేటి కొట్టాడు. చీకటి పడే లోపల పని అయిపోయింది. కూలి అడగలేదు, ఇంకో రొట్టె వేయించుకుని తిన్నాడు. మరునాడు పొద్దున ఆమె పొయ్యి రాజేసి పక్కకు జరిగి నిలబడింది. పొగ లేచింది. గూడులోకి పోయింది. కిందికి రాలేదు. ఎవరో పైనుంచి దారం లాగినట్టు సన్నగా, ఒక్క తీరుగా పైకి పోతోంది. హనుమమ్మ కాసేపు నమ్మలేదు. ఇంకో రెండు కట్టెలు ఎగదోసింది. అవీ అంతే. పక్క వాటా ఆడవాళ్లను పిలిచి చూపించింది. గురప్ప కూడా వచ్చి చూసి, మీసం దువ్వుకున్నాడు.

ఆ చలికాలం ఆమె కర్నూలులో సుఖంగా ఉంది. కళ్లు తేటపడ్డాయి. వంట చేస్తూ కూనిరాగాలు తీసేది. ఊరిబిండి పచ్చడి నూరి బంట్రోతులకు కొసరి కొసరి పెట్టేది. ఇంత సన్నటి సంగతికి ఇన్నాళ్లు ఏడ్చానా అనుకునేది.

ఎండలు ముదిరాక రూతమ్మ వచ్చింది. చంకలో ఆడపిల్ల. దయామణి అని పేరు పెట్టుకున్నారు. కిందనే బండి దిగుతుంటే హనుమమ్మ బిడ్డను అందుకుని, దిష్టి తీసి, పైకి పంపింది. బాలింత కదా, ఊరికే పోయి పైన కూర్చుంటే వాళ్లకు ఇబ్బందని కొన్నాళ్లు ఆగింది. రూతమ్మ కూడా కిందికి దిగలేదు. పసిపిల్ల ఏడుపు మాత్రం వినిపించేది. ఏడ్చి ఏడ్చి దగ్గేది. పసిపిల్లల దగ్గు కాదది, పెద్దవాళ్ల దగ్గులాగా లోపలి నుంచి వచ్చేది. పుట్టింటి నుంచి ప్రయాణం చేసి వచ్చిన బడలికేమో అనుకుంది హనుమమ్మ.

ఒకరోజు పొయ్యి మీద పప్పు ఎక్కించి, అది ఉడికేలోపల చూసొద్దామని బెల్లం ముక్క, కూతురు చిన్నప్పుడు ఉయ్యాల కట్టిన మెత్తటి పాతచీర ఒకటి పట్టుకుని మెట్లెక్కింది. పై వాటా తలుపు తెరిచేసరికి వేడి మొహానికి కొట్టింది. బయట వడగాలి. ఇంట్లో కిటికీ రెక్కలు గట్టిగా మూసి, సందుల్లో గుడ్డపీలికలు దోపి ఉన్నాయి. రూతమ్మ చెమటతో తడిసి ముద్దయి, చీర ఉయ్యాల ఊపుతోంది.

"ఈ ఎండల్లో కిటికీ మూసుకున్నావేమే?"

"గాలి తగిలితే బిడ్డకు మంచిది కాదంటారక్కా."

హనుమమ్మ ఉయ్యాల మీదికి వంగింది. బిడ్డను చూసేలోపలే వాసన తగిలింది. తుమ్మకట్టె పొగ. ఉయ్యాల చీరలో ఉంది, బిడ్డ తలలో ఉంది, తాను తెచ్చిన పాతచీర కన్నా ఎక్కువగా ఉంది. ఆమె తలెత్తి కిటికీ చూసింది. కింది రెక్క దగ్గర, పీలిక జారిన సందులోంచి, పొగ సన్నగా, ఒక్క తీరుగా లోపలికి వస్తోంది. కింద తన పప్పు ఉడుకుతోంది.

ఆమె కిటికీ దగ్గర నేల మీద కూలబడింది. సందుకు అరచెయ్యి అడ్డం పెట్టింది. పొగ వేళ్ల మధ్య నుంచి వచ్చింది.

"ఎన్ని దినాల నుంచి?"

రూతమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ఉయ్యాల ఊపుతూనే ఉంది.

"ఎన్ని దినాల నుంచి రూతమ్మా? ఒక్క మాట నాకి చెప్పకూడదా?"

"ఏం చెప్పేదక్కా" అంది రూతమ్మ, ఉయ్యాల ఆపకుండా. "నీ కండ్లు ఇప్పుడే గదా బాగైనాయి."

హనుమమ్మ మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. పొయ్యిలోని కట్టెలు బయటికి లాగి నీళ్లు కుమ్మరించింది. గోనెపట్ట తడిపి గూడులోంచి గొట్టంలోకి కుక్కింది. ఆ మాపటికి పొగ మళ్లీ ఇల్లంతా నిండింది. రొట్టెలకు వచ్చినవాళ్లు దగ్గుతూ తిని పోయారు. మరునాడు రూతమ్మ బిడ్డను భుజాన వేసుకుని దిగివచ్చి, గట్టు మీదికెక్కి ఆ గోనెపట్టను లాగి పారేసింది. ఆమె పోయాక హనుమమ్మ మళ్లీ కుక్కింది. కొన్నాళ్లు ఇద్దరికీ ఇదే పని. కుక్కేది ఒకరు, లాగేది ఒకరు.

ఇళ్ల వెనక ఖాళీ జాగాలో మూడు రాళ్లు పెట్టి వండుకుందామని చూసింది. కావలివాడు సుంకన్న వచ్చి అడ్డుపడ్డాడు.

"ఈడ పొయ్యి పెట్టేకి లేదమ్మా. ఆఫీసర్లు తిరిగే తావు. నా పని పోతాది."

"రెండు రొట్టెలు కాల్చుకుంటానప్పా. ఎవరికేం నష్టం?"

"నాకి తెలుసమ్మా, ఆ రూలు పెట్టింది నేను కాదు గదా" అన్నాడు వాడు. చెడ్డవాడు కాదు. ఆమె వండుకోవడం అయ్యేదాకా అటు తిరిగి నిలబడ్డాడు. పోయేముందు మాత్రం, రేపటి నుంచి వద్దని దండం పెట్టి చెప్పాడు.

బంట్రోతులను వేరేచోట చూసుకోమంది. వాళ్లలో కొందరు మానారు, కొందరు బతిమాలారు. అందరూ మానినా ఇద్దరికైనా వండాలి గదా, మంట మంటే. మద్దిలేటి ఏమైనా దారి చూపిస్తాడని కబురు పెట్టింది. వాడు బండల పనికి బేతంచెర్లకు పోయాడట. లారీవాళ్లతో చెప్పిస్తే, వస్తానన్నాడని తిరుగు కబురు వచ్చింది. మనిషి రాలేదు.

ఆషాఢం గాలులు మొదలయ్యాయి. పడమటి గాలి ఆ గోడకు కొట్టి, ఎక్కడి పొగనైనా పై కిటికీలోకే నెట్టేది. పిల్ల ఊపిరి తీస్తే ఎదలో సన్నటి ఈల వినపడటం మొదలైంది. ఏసేపు నెమ్మది మనిషి. ఎవరితోనూ ఎదురు మాట్లాడి ఎరగడు. అలాంటివాడు కూడా ఆగలేక, గొట్టాన్ని మిద్దె పైదాకా పొడిగించండని ఓవర్సీరును వేడుకోవడానికి పోయాడు. గురప్ప మీద చాడీ చెప్పాలని కాదు. కింద అక్క కళ్లూ, పైన బిడ్డ ఊపిరీ రెండూ బాగుండాలనే పోయాడు. చిత్రంగా, ఈసారి ఓవర్సీరు వచ్చాడు.

వచ్చి, గోడ వెనక పాత బెజ్జం మూసి కొత్తది కొట్టిన గుర్తు చూశాడు. లోపలికి వచ్చి దిగిన గూడును చూశాడు.

"ఎవరు చేశారిది?"

గురప్ప చేతులు కట్టుకుని గోడకు అంటుకుపోయాడు. వాడి మొహం చూసి హనుమమ్మ తలుపు చాటు నుంచి ముందుకు వచ్చింది.

"నేనే చేయిస్తి సామీ. ఆయప్ప వద్దనె. నేనే వినలేదు."

"గవర్మెంటు గోడ పగలగొట్టడానికి నువ్వెవరమ్మా? ఈ సంగతి మీ ఆఫీసరుకు చెబితే నీ మొగుడి ఉద్యోగం ఉంటుందా?"

ఏసేపు మధ్యలో వచ్చాడు. "అది కాదు సార్, నేను వచ్చింది గొట్టం పొడిగించమని..."

"గొట్టం పొడిగించడం నా చేతుల్లో లేదు. మంజూరు కావాలి. ముందు ఈ బెజ్జం ఉండకూడదు."

ఆ వారంలోనే మనుషులొచ్చారు. గూడు ఊడబీకి మోసుకుపోయారు. గొట్టం లాగేశారు. గోడలో బెజ్జానికి రాళ్లు పెట్టి సిమెంటు పూశారు. ఓవర్సీరు దగ్గర నిలబడి చేయించాడు. పోయేటప్పుడు హనుమమ్మ ధైర్యం చేసి అడిగింది.

"మరి పొగ యాడికి పోవాల సామీ?"

అతను ఒక్క క్షణం ఆ వంటింటిని చూశాడు. "పైకి రాశాంలే, చూద్దాం" అని వెళ్లిపోయాడు.

ఆ రాత ఏమైందో ఎవరికీ తెలియదు. హనుమమ్మ మాత్రం ఆ తరువాత పొగలోనే వండింది. సున్నం గోడలు నల్లబడ్డాయి. బేతంచెర్ల బండలు ఎంత తుడిచినా జిగటగా ఉండేవి. కళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి. ఈసారి ఆమె ఎవరికీ చెప్పలేదు. పై కిటికీ తెరుచుకుంది గదా, చాలు అనుకుంది.

అయితే కిటికీ తెరుచుకున్నా పిల్ల ఎదలో ఈల పోలేదు. వాన పడినా, చలి వేసినా, దుమ్ము లేచినా దయామణికి ఆయాసం వచ్చేది. ఏసేపు, రూతమ్మ పిల్లను ఎత్తుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తేవాళ్లు. వెనకే హనుమమ్మ. అక్కడ డాక్టరు ఒకసారి, కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఇట్లా ఉంటుంది, పెద్దయితే పోవచ్చు అన్నాడు. రూతమ్మ ఆ మాట పట్టుకుంది.

"వింటివా అక్కా? పుట్టుకతోనే అంట. నీవు మనసులో ఏం పెట్టుకోవద్దు."

"పుట్టుకతోనేనా?" అని హనుమమ్మ అడిగేది.

"డాక్టరే చెప్పె గదా."

హనుమమ్మ తల ఊపేది. కానీ, ఆ ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగేది. పొగ వల్ల కాదా సామీ అని డాక్టరునే అడగాలని ఎన్నోసార్లు అనుకుంది. ఆసుపత్రి గుమ్మం దాకా పోయి కూడా అడగలేకపోయింది. అవునంటే ఏం చేయాలో ఆమెకు తెలియదు.

దయామణి నడక నేర్చింది. మెట్లు తానే దిగి, "పెద్దమ్మా" అంటూ వచ్చేది. వంటింటి గడప దగ్గరే ఆపేసి, పొగ తగలకుండా ఎత్తుకుని బయటికి తీసుకుపోయి, రొట్టె తుంచి పెట్టేది హనుమమ్మ. పిల్ల తింటుంటే వీపు మీద చెయ్యి పెట్టి ఊపిరి చూసేది. పొయ్యి మీద ఏది మాడిపోయినా పట్టించుకునేది కాదు.

ఇంతలో రాజధాని హైదరాబాదుకు పోతుందని తేలింది. ఆఫీసులు ఒక్కొక్కటీ మూటలు కట్టసాగాయి. పోవలసినవాళ్లలో ఏసేపు ఉన్నాడు. గురప్పను ఇక్కడే జిల్లా ఆఫీసులో ఉంచారు. లారీ వచ్చిన రోజు పొద్దున్నే హనుమమ్మ ప్రయాణానికి రొట్టెలు కాల్చి మూట కట్టింది. రూతమ్మ ఆమె చేతులు పట్టుకుని ఏదో చెప్పబోయి ఏడ్చింది. సామానుల మీద కూర్చోబెట్టిన పిల్ల లారీ పొగకు దగ్గడం మొదలుపెట్టింది. హనుమమ్మ చీర కొంగు తీసి పిల్ల ముక్కుకు అడ్డం పెట్టింది. లారీ కదిలేదాకా పట్టుకుంది. కదిలాక కొంగు చేతిలోంచి జారిపోయింది.

పై వాటా ఖాళీగా పడి ఉంది. వరుసలో చాలా ఇళ్లు అలాగే ఉన్నాయి. ఓవర్సీరుకూ బదిలీ అయింది. అడిగేవాడు లేడు. ఒకరోజు గురప్ప సుత్తి, ఉలి పట్టుకొచ్చాడు.

"ఇప్పుడు పైన ఎవురూ లేరు గదా మే. ఆ సిమెంటు కొట్టేస్తా. పొగన్నా పోతాది."

హనుమమ్మ పొయ్యి ముందు నుంచి తల తిప్పకుండానే అంది. "వద్దు."

"నీ కండ్లు చూసుకుంటాండావా? దారిలో మనిషిని గుర్తుపట్టలేకుంటాండావు."

"ఎవురో ఒకరు వస్తారు గదా. బిడ్డ తల్లే వస్తాదేమో. అప్పుడు మళ్లీ మూసేదెవరు? వద్దులే."

గురప్ప సుత్తిని చేతుల్లో తిప్పి, గడప పక్కన పెట్టి పోయాడు. ఈసారి ఆమె మాట కాదనడానికి వాడికి మనసు రాలేదు.

ఆమె ఆ ఇంట్లో ఇంకా కొన్నేళ్లు వండింది. చూపు రానురాను మసకబారింది. రొట్టె కాలిందో లేదో చేత్తో తాకి, వాసన పట్టి చెప్పేది. హైదరాబాదు నుంచి పని మీద కర్నూలుకు వచ్చే బంట్రోతులు ఎవరైనా గురప్పతోపాటు ఇంటికి వస్తే, విస్తరి వేసి, ఎదురుగా కూర్చుని అడిగేది.

"రికార్డు గదిలో ఏసేపని ఉంటాడప్పా, నెమ్మదయిన మనిషి. వానికొక ఆడబిడ్డ. ఊపిరి ఎట్లుండాదో ఏమన్నా తెలుసునా?"

ఆ ఆఫీసులు శానా పెద్దవి, మాకు తెలీదమ్మా అనేవాళ్లు వాళ్లు. కనుక్కుని చెబుతామని కొందరు అనేవాళ్లు. ఆమె సరేలే అని లేచి, గోడ తడుముకుంటూ వంటింట్లోకి పోయి, వాళ్లకు ఇంకో రొట్టె తట్టేది.